పేలు చూసే బొమ్మ

ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు చెప్తాను నేను. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె. పిల్లలకు కావలసింది అంతే, మేనేజ్‌మెంటుకూ అంతే. నా పిచ్చి మాత్రం వేరే. బరోక్ కాలంలో, అంటే మూడు నాలుగు వందల ఏళ్ల కిందట, యూరపులో కొందరు చిత్రకారులు రాజులనూ దేవుళ్లనూ పక్కన పెట్టి అంట్లు తోమే ఆడవాళ్లను, తాగి తూలే మగవాళ్లను, ముక్కు కారే పిల్లలను గీశారు. చీకటి గది, ఒక పక్క నుంచి వెలుతురు. మొహం మీద మచ్చ ఉంటే ఆ మచ్చనూ వదల్లేదు. ఆ బొమ్మలు ఫోనులో చూస్తూ అన్నం మాడబెట్టిన రోజులున్నాయి.

వాటిలో ఒకటి ఉదయగిరిలో ఉండే మా అక్కకు చూపించాను. అందులో ఒక తల్లి కూతురి తల ఒళ్లో పెట్టుకుని పేలు చూస్తూ ఉంటుంది.

"దొరసానుల నెత్తిలో కూడా పేలుండాయేందే!" అని అక్క పడీ పడీ నవ్వింది. "దీనికా నువ్వు అంత చదువు చదివింది?"

అప్పటికే అక్కకు రొమ్ములో గడ్డ. బిడ్డ పాలు మానకముందే బయటపడింది. నెల్లూరులో కీమో ఎక్కించారు, రేడియేషన్ అని కరెంటు పెట్టారు. నడుము దిగిన జడ దువ్వెనకు ఊడి వచ్చేసింది. కాస్త మొలిచేలోపు మళ్లీ కీమో. చివరికి ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆ మాటకు అర్థమేమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నాకు ఆ డాక్టరును కొట్టాలనిపించింది. పాపం, ఆయన మాత్రం చేసేదేముంది?

అక్కకు చావుకన్నా పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది.

"దానికి నేను గుర్తుండను గదే," అనేది, నాలుగేళ్లు నిండని కూతుర్ని చూపించి. "నా మొహం కూడా మర్చిపోతాది. నువ్వు బొమ్మ గియ్యి. బిడ్డా నేనూ ఉండేట్టు. ఆ దొరసాని బొమ్మ మాదిరి."

అక్కవి ఉన్న ఫోటోలు రెండే. పెళ్లి ఫోటోలో మొహమంతా పౌడరు, పైగా తల వంచుకుని ఉంది. ఆధార్ కార్డులో ఉన్నది ఆమేనంటే నేనే నమ్మను.

శనివారం బడి వదలగానే బస్సెక్కాను. మర్నాడు పొద్దున అక్క గడపకు ఆనుకుని కూర్చుని, తలగుడ్డ తీసేసి, పిల్ల తలను ఒళ్లోకి లాక్కుంది. అంగన్‌వాడీలో పేలు అంటించుకుని వచ్చిందట. వాకిట్లోంచి వెలుతురు అక్క బోడితల మీద పడుతోంది. కనుబొమలు కూడా లేవు. వేళ్లు వణుకుతున్నా, దొరికిన పేనును వదలడం లేదు. ఎంత బాగుందో అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుని కాగితం తీశాను.

"గుండు గీస్తా ఉండావా?" అంది అక్క, తలెత్తకుండానే.

"ఉండేది గీస్తా ఉండానక్కా."

"గుండు గీసినావంటే చించి పొయ్యిలో పెడతా. జుట్టు పెట్టు. జడ నిండా కనకాంబరాలు పెట్టు. రేపు నా బిడ్డ నన్ను ఇట్టనా చూసుకునేది?"

వాదించే ఓపిక ఇద్దరికీ లేదు. జడ గీశాను. కనుబొమలు గీశాను. గుంటలు పడిన చెంపలు నింపాను. అక్క బొమ్మను చాలాసేపు చూసుకుని, "ఆఁ, ఇప్పుడు బాగుండాది," అంది. తర్వాత ఎన్నాళ్లో బతకలేదు.

కర్మ అయిపోయాక బొమ్మకు ఫ్రేము కట్టించి తీసుకెళ్లాను. పిల్ల పరుగెత్తుకొచ్చింది. ఒళ్లో ఉన్న పాపను చూడగానే తనేనని గుర్తుపట్టి మురిసిపోయింది. తర్వాత జడ వేసుకున్న ఆవిడ మీద వేలు పెట్టింది.

"ఈమె ఎవురు పిన్నీ?"

"అమ్మ."

"కాదు. మా అమ్మకు జుట్టుండదు."

అమ్మే, బాగా చూడమని బతిమాలాను. అది ఏడుపు మొదలుపెట్టింది. నేనూ ఏడ్చాను.

ఉన్నదున్నట్టు మళ్లీ గీద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో! బోడితలతో ఉన్న అక్క ఫోటో ఒక్కటీ లేదు, ఎవరినీ తియ్యనివ్వలేదు. కళ్లు మూసుకుంటే నాకు ఆ జడే అడ్డం వస్తుంది. చివరినాటి అక్క మొహం సరిగ్గా తెలిసింది ఇప్పుడు ఆ పిల్లకొక్కదానికే. అది కూడా మెల్లగా మర్చిపోతోంది.