కుంకుమ పెట్టిన మౌత్‌పీస్

రండి పిల్లలూ, ఇంకా దగ్గరికి జరిగి కూచోండి. మొన్న ధర్మవరంలో పెళ్లి ఊరేగింపు నడిరోడ్డులో మీ సార్ పరువు ఎట్ల గాలికి పోయిందో చెప్తాను. పాఠం కాదులే, భయపడొద్దు!

మా బామ్మర్దికి ఆ ఊర్లో మగ్గాలున్నాయి. వాడి కూతురు పెళ్లి. "బావా, బ్యాండు వాళ్లకు చెప్పినా" అన్నాడు.

"క్లారినెట్ ఆయన ఎందుకప్పా దండగ? నేనుండా కదా!" అన్నాను. బళ్లో ప్రార్థన పాట వాయించే మహా విద్వాంసుణ్ణి మరి! పాపం, వాడు నమ్మి ఆయన్ను రావద్దన్నాడు.

అంత పెద్ద పెళ్లికి పాత మౌత్‌పీస్ ఏం బాగుంటుంది? కొత్తది కొనేదానికి హిందూపురం పోయాను. మౌత్‌పీస్ అంటే నోట్లో పెట్టుకొని ఊదే ముక్క. దానికి పలుచటి రీడు బిగిస్తారు. రెండింటి కొసల మధ్య ఉండే సందే టిప్ ఓపెనింగ్. సందుకూ రీడు గట్టితనానికీ నంబర్లుంటాయి. సందు పెద్దదైతే రీడు మెత్తగా ఉండాలి, లేకుంటే ఊదలేం. ఇదంతా ఇప్పుడు తెలిసింది లెండి! ఆ రోజు నా లెక్క వేరే. నంబరు ఎంత పెద్దదైతే అంత గొప్ప, మీ మార్కుల మాదిరి!

"అన్నిటికన్నా పెద్ద సందుది ఇయ్యప్పా. రీడు కూడా బాగా గట్టిది," అన్నాను అంగడాయనతో.

"ఈడే ఒకసారి ఊది చూసుకోండి సార్."

"ముహూర్తానికి ముందే ఎంగిలి చేస్తారా ఎవరైనా?"

ఇంటికి తెచ్చి, కుంకుమ పెట్టి, దేవుని పటం ముందర ఉంచాను. పెళ్లిరోజు దాకా తాకితే ఒట్టు!

ఊరేగింపు కదిలింది. డ్రమ్ముల వాళ్లు పుల్లలు పైకెత్తి నా వైపే చూస్తున్నారు. నేను పాట ఎత్తుకుంటేనే వాళ్లు కొట్టేది. బుగ్గలు నింపి ఊదాను.

ఉస్స్స్!

మళ్లీ ఊదాను. ఉస్స్స్స్!

"ఏమప్పా సార్, ట్యూబుకు గాలి కొడతాండావా?" అన్నాడు గుంపులోంచి ఒకడు.

"పంచరేమో చూడబ్బా!" అన్నాడు ఇంకొకడు.

బామ్మర్ది పరుగున వచ్చి చెవిలో అన్నాడు: "బావా, మగపెళ్లివాళ్లు నగుతాండారు. నా మర్యాదంతా నీ నోట్లో ఉండాది!"

నా నోట్లో ఉన్నది కుంకుమ. పెదాలు, పండ్లు అన్నీ ఎరుపే. కళ్లు బయటికొచ్చేటట్టు ఇంకోసారి ఊదితే, 'కీక్' అంది.

"కుక్కను తొక్కిందెవరప్పా?" అనింది మగపెళ్లివాళ్లలో ఒక అవ్వ.

అంతే! మండపం దాకా అందరూ ఉత్త నడకే. బామ్మర్ది ఇప్పటికీ నాతో మాట్లాడడు.

నిన్న పెనుకొండ నుంచి ఫోను. మగపెళ్లివాళ్ల చుట్టమంట. "సార్, మా ఇంట్లో పెళ్లికీ మీరే రావల్ల!"

ఛాతీ ఉబ్బింది. "అంత నచ్చిందా అప్పా?"

"శానా! బ్యాండు మోగితే ఒకరి మాట ఒకరికి ఇనపడదు సార్. మీరు వాయిస్తాంటే చుట్టాలందరం ఎంత బాగా మాట్లాడుకుంటిమో!"

వస్తానని ఒప్పేసుకున్నాను. ఏం చేసేది? నా వాయింపు బాగుందన్న మనిషి ఆయన ఒక్కడే!

ఊఁ, నగింది చాలు. లేచి ఇండ్లకు పోండి, బువ్వ చల్లారిపోతాంది.