మొదటి మూడు అధ్యాయాలు

కళ్లద్దాల దుకాణం వెనక గదిలో సానచక్రం ముందు కూర్చొని, ఫ్రేముకు తగ్గట్టు అద్దాల అంచులు అరగదీయడం అతని పని. ముప్పై ఏళ్లుగా అదే పని. అక్కడ అతని అసలు పేరు ఎవరికీ అవసరం లేదు. అందరూ ‘నవల’ అనే పిలుస్తారు. “నవలా, ఆ ఎడమ కంటి అద్దం అయిందా?” అని ముందు గదిలోంచి యజమాని కేకేస్తే, “అయిందండీ” అని పలుకుతాడు. కోపం తెచ్చుకోడు. నవల రాసిన మాట నిజమే కదా మరి.

ఇరవై మూడు అధ్యాయాల నవల. తండ్రి పోయాక ఒక ఇంట్లో మిగిలిన అక్కాతమ్ముళ్ల కథ. దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి లోకంలో ఒక్కతే, అతని అక్క. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసి రిటైరై తమ్ముడితోనే ఉంటోంది. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. ఎందుకు కాలేదో చెప్పబోతే అది ఇంకో నవలవుతుంది. చదవడం పూర్తిచేసిన రోజు ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకొని, “నన్ను బాగానే రాశావురా. కాస్త నోరు ఎక్కువ పెట్టావు గానీ” అంది. మర్నాటి నుంచి మేడమెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లకూ తను పుస్తకంలో ఉన్నానని చెప్పడం మొదలుపెట్టింది.

అది పుస్తకమైతే కదా. ప్రచురణకర్తలు కొత్త రచయితను నేరుగా గుమ్మం తొక్కనివ్వరు. మధ్యలో ఏజెంటు ఉండాలి. ఆ ఏజెంటుకు నచ్చితే నవలను చంకన పెట్టుకొని వాళ్ల దగ్గరికి వెళతాడు. నచ్చాలంటే చదవాలి, చదవడానికి మాత్రం మొదటి మూడు అధ్యాయాలే పంపాలి. ఒక్క పేజీ ఎక్కువైనా చూడకుండా పక్కన పడేస్తారట. అతను బుద్ధిగా మూడే పంపాడు. నాలుగు నెలలు ఎదురుచూసి కళ్లు కాయలు కాశాక జవాబు వచ్చింది. మీ రచన మా అవసరాలకు సరిపోదు, కృతజ్ఞతలు. ఎందుకు కృతజ్ఞతలో వాళ్లకే తెలియాలి.

అలా ఎనిమిదేళ్లలో నలభై మూడు మంది కాదన్నారు. వాళ్లలో సగం మంది ఆ జవాబైనా ఇవ్వలేదు. ఎప్పుడో ఒకరు దయతలచి ఒక సలహా పడేసేవారు. దాన్ని పట్టుకొని అతను ఆదివారాలన్నీ కూర్చుని ఆ మూడు అధ్యాయాలనే తిరగరాసేవాడు. నడక నెమ్మదిగా ఉందని ఒకరంటే మొదట్లో ఉన్న వాన వర్ణన తీసేశాడు. చావుతో మొదలవడం బాగా లేదని ఇంకొకరంటే తండ్రిని బతికించాడు. ఇంట్లో మనుషులు ఎక్కువయ్యారని ముప్పైయో ఏజెంటు అన్నప్పుడు మాత్రం రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడో రోజు గుండె రాయి చేసుకొని అక్కను తీసేశాడు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. ఎలా చెబుతాడు?

అద్దం ఒక్క పిసరు ఎక్కువ అరిగితే ఫ్రేములోంచి ఊడిపోతుంది. దాన్ని తిరిగి పెంచే చక్రం లేదు. ఈ ముక్క అతనికి తెలిసినంత బాగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అయినా కంప్యూటర్లో ప్రతిసారీ పాతదాన్ని చెరిపి అక్కడే కొత్తది రాశాడు. కాదనిపించుకున్న రాతను దాచుకోవడానికి మనసొప్పలేదు. నాలుగో అధ్యాయం ఎవరూ అడగలేదు, అతనూ తెరవలేదు.

నలభై నాలుగో ఏజెంటు ఒక పెద్దావిడ. మూడు అధ్యాయాలూ బాగున్నాయి, పది రోజుల్లో నవల మొత్తం పంపమని రాసింది. ఆ పూట యజమాని అతన్ని ‘నవల గారూ’ అన్నాడు. అక్క మెట్ల మీద పై అంతస్తు దాకా వెళ్లి చెప్పొచ్చింది. అతను సెలవు పెట్టి నాలుగో అధ్యాయం తెరిచాడు.

మూడో అధ్యాయం చివర తండ్రి తాపీగా చెప్పులు తుడుచుకుంటున్నాడు. నాలుగో అధ్యాయంలో ఆయన పోయి ఏడాది. మూడింట్లోనూ కనపడని అక్క నాలుగోదాంట్లో వంటింట్లోంచి తమ్ముణ్ని దులిపేస్తోంది. అక్కడా ఆవిడను తీసేసి చూశాడు. తమ్ముడి మాటలకు బదులిచ్చేవాళ్లే లేకపోయారు. ఏడు రోజులు తల పట్టుకున్నా ఆరో అధ్యాయం దాటలేదు. చివరికి తండ్రిని ఒక్క వాక్యంలో చంపి, అక్కను ఎక్కడినుంచో బస్సులో తెచ్చి దింపి, పంపేశాడు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ‘ఆ అక్క బస్సు దిగాకే ఈ నవలకు ప్రాణం వచ్చింది. ఆవిడ మొదటి నుంచీ ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. ఇలా ఉన్నదాన్ని నేను తీసుకోలేను.’

అతను ఇంటికి వెళ్లేసరికి అక్క ఆరిన బట్టలు మడతపెడుతోంది. మొహం చూసి కనిపెట్టేసింది.

“వద్దన్నారా?”

“వద్దన్నారు.”

“ఏం తక్కువైందట?”

అబద్ధం చెప్పడానికి ఓపిక లేకపోయింది. “మొదట్లో నువ్వు లేవట.”

“లేకపోవడమేంటి? మొదటి పేజీలో ఉన్నది నేనే కదరా.”

“తీసేశానక్కా. మూడేళ్లవుతోంది.”

ఆవిడ తువ్వాలును నాలుగు మడతలు వేసింది, మళ్లీ విప్పింది. “మెట్ల మీద అందరికీ చెప్పుకుంటూనే ఉన్నాను” అంది.

అతనికి సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది.

“సరేలే. ఇదివరకు ఉన్నట్టే మళ్లీ పెట్టు.”

“పాతది లేదు. చెరిపేసి రాశాను. ఎంత తలుచుకున్నా ఒక్క వాక్యం గుర్తుకు రావడం లేదు. నీకేమైనా గుర్తుందా?”

ఆవిడ తువ్వాలును పక్కన పెట్టింది. “నోరెక్కువని గుర్తుంది. ఏం మాట్లాడానో గుర్తు లేదు.”

అతను కంప్యూటరు ముందు కూర్చుని ఒకటో అధ్యాయం తెరిచాడు. అక్క కుర్చీ లాక్కొని పక్కన కూర్చుంది. ఆవిడ ఏమైనా అంటే అదే రాద్దామని వేళ్లు మీటల మీద పెట్టుకొని కూర్చున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు.