డ్రమ్స్ తీసేయమన్న మూడు పాటలు

2003లో నేను బెంగళూరు మహదేవపురలోని ఒక రికార్డు కంపెనీ స్టూడియోలో సీనియర్ మాస్టరింగ్ ఇంజనీరుగా ఉన్నాను. రికార్డింగ్ ఇంజనీరు పాటను టేపు మీదికి ఎక్కిస్తాడు. మిక్సింగ్ ఇంజనీరు వాద్యాల పాళ్ళు కుదురుస్తాడు. మాస్టరింగ్ ఇంజనీరు ఆఖరివాడు. డిస్కు తయారీకి వెళ్ళేముందు ఆల్బమ్ మొత్తం విని, హెచ్చుతగ్గులు సరిచేసి, ఇక పంపవచ్చని చెప్పేది అతనే. మా కంపెనీలో నా సంతకం లేకుండా మాస్టరు, అంటే కాపీలు తీసే మూలప్రతి, ఫ్యాక్టరీకి వెళ్ళేది కాదు. చిన్న కంపెనీ కాబట్టి పాత టేపులు బాగుచేయడం, మళ్ళీ మిక్స్ చేయడం కూడా నా నెత్తినే పడేవి.

ఆ వర్షాకాలంలో నాకు అప్పగించిన పని ‘ఇంజిన్‌షెడ్’ అనే బెంగళూరు బృందం బాక్స్ సెట్. వాళ్ళది ప్రోగ్రెసివ్ రాక్. ఒక్కో పాట పావుగంట నడుస్తుంది, మధ్యలో తాళం మారిపోతుంది, పల్లవి మళ్ళీ వస్తుందన్న భరోసా ఉండదు. తొంభైలలో కాలేజీ కుర్రాళ్ళు వాళ్ళ కచేరీల కోసం క్లాసులు ఎగ్గొట్టేవారు. పాత ఆల్బములన్నీ ఒక పెట్టెలో పెట్టి, చివరి డిస్కులో ఎన్నడూ విడుదల కాని మూడు పాటలు వేయాలని కంపెనీ ఆలోచన. ఆల్బములు అభిమానుల దగ్గర ఎలాగూ ఉన్నాయి. పెట్టె అమ్ముడుపోవాల్సింది ఆ మూడు పాటల కోసమే.

ఆ పాటల టేపు బృందం తొలినాళ్ళది. టేపు మీద పాట నమోదయ్యే మందు పూతను పట్టి ఉంచే జిగురు ఏళ్ళ తరబడి తేమ పీల్చుకుని మెత్తబడింది. అలాంటి టేపును అలాగే తిప్పితే మందు ఊడి, టేపును చదివే మెషిన్ హెడ్‌కు అంటుకుంటుంది, పాట అక్కడితో పోతుంది. అందుకని టేపును సన్నటి వేడిలో చాలాసేపు ఆరబెట్టి, చల్లారాక మెషిన్ మీద ఎక్కించి కంప్యూటరులోకి దించుకున్నాను.

మొదటి పాటకు ముందు ఒక ఆడగొంతు వినిపించింది. “ఒకటి రెండు మూడు, ఒకటి రెండు, ఒకటి రెండు” అని ఏడు లెక్కపెట్టి, “ఈతూరి నిలపొద్దండి” అంది. వెంటనే డ్రమ్స్ మొదలయ్యాయి. ఏడు లెక్కల ఆ నడక కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు. తక్కినవాళ్ళు ఆమె వెనకాల పరుగెత్తుతున్నారు. మా ఇంట్లో మాట్లాడే తెలుగు రాక్ టేపులో వినడం నాకు అదే మొదలు. ఇంజిన్‌షెడ్ డ్రమ్మర్‌గా లోకానికి తెలిసినవాడు నైజెల్. ఈమె ఎవరో నాకు తెలియదు.

ప్రాజెక్టు చూస్తున్న మేనేజర్ దివాకర్‌ను అడిగాను. హైదరాబాదు నుంచి వచ్చినవాడు, చురుకైన మనిషి.

“మొదట్లో వనజ అని ఒకామె ఉండేదంట సార్. బాలేపేట సైడు. అప్పటి ప్రొడ్యూసర్ డ్రమ్స్ దగ్గర లేడీ వద్దన్నాడు, బ్యాండ్ వాళ్ళు సరే అన్నారు. టైమింగ్ కూడా అక్కడక్కడా స్లిప్ అవుతోంది కదా, ఆ డ్రమ్స్ తీసేయండి. నైజెల్ ఫ్రెష్‌గా వాయిస్తాడు. బుక్‌లెట్ ఆల్రెడీ ప్రింట్‌కి పోయింది, డ్రమ్స్ కింద అతని పేరే ఉంది.”

‘విడుదల కాని పాత పాటలు’ అని పెట్టె మీద అచ్చేసి, లోపల ఈ ఏడాది వాయించింది పెడితే అది అబద్ధమని చెప్పాను. కొనేవాళ్ళకు తెలియదన్నాడు. నాకు తెలుసన్నాను. ఆ డ్రమ్స్ తీయనని కూడా అప్పుడే చెప్పేశాను.

బాలేపేటలో వాద్యాల అంగళ్ళు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. వనజ పేరు చెప్పగానే రెండో అంగడివాడే దారి చూపించాడు. ఆమె తన అంగట్లో ఒక డోలుకు మూత బిగిస్తోంది. నలభైకి దగ్గరలో ఉంటుంది. విషయమంతా చెప్పాను. పని ఆపకుండానే వింది.

“ఆ పాటలు ఇంకా ఉండాయా?” అంది.

“ఉండాయమ్మా. నీ వాయింపు తీసేసి వేరేది పెట్టమంటా ఉండారు.”

అప్పుడు తలెత్తింది. “ఎవురప్పా తీసేసేది? ఆ పొద్దు వాళ్ళు పొమ్మంటే పోయినాను, నోరెత్తలేదు. అది వేరే. నేను వాయించింది తీసేయడానికి వాళ్ళెవురు? రేపే వస్తా పద.”

మరునాడు స్టూడియోలో మూడు పాటలూ నిలబడే వింది. రెండో పాట మధ్యలో తాళం మారేచోట ఆమె చేయి తడబడి, ఒక్క దెబ్బ ఆలస్యంగా పడింది. నేను చెప్పకముందే, “ఇక్కడ తప్పినాను” అంది. కంప్యూటరులో ఆ దెబ్బను ముందుకు జరిపి కనబడకుండా చేయవచ్చని చెప్పాను.

“వద్దప్పా. తప్పింది నేనే కదా, అట్లే ఉండనీ. నేను వాయించినానని అయినా తెలుస్తాది.”

ఆ వారంలోనే దివాకర్ నైజెల్‌ను పిలిపించాడు. వనజ కూడా వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. నైజెల్ ఆమెను చూసి కంగారుపడ్డాడు. అయినా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించాడు. మంచి డ్రమ్మర్, తాళం ఎక్కడా తప్పలేదు. ఇబ్బంది వేరేచోట వచ్చింది. పాత పాటను అందరూ ఒకే గదిలో కూర్చుని వాయించారు. అలాంటప్పుడు గిటారు ముందున్న మైకులోకి, పాడేవాడి మైకులోకి కూడా డ్రమ్స్ దూరతాయి. మేం దాన్ని లీకేజీ అంటాం. వనజ డ్రమ్స్ నమోదైన రెండు ట్రాకులూ మూసేసినా, తక్కిన ప్రతి ట్రాకులోనూ ఆమె వినిపిస్తూనే ఉంది. కొత్త డ్రమ్స్ పక్కన పాతవి నీడలా నడుస్తున్నాయి.

నైజెల్ వాయించే గదిలోంచి మా దగ్గరికి వచ్చి అది విన్నాడు. కర్రలు బల్ల మీద పెట్టి, ఈ పాటలు తనవి కావని, తను వాయించనని ఇంగ్లీషులో దివాకర్‌కు చెప్పాడు. తర్వాత వనజ వైపు తిరిగి కన్నడంలో ఏదో మెల్లగా అన్నాడు. ఆమె తలాడించింది, నవ్వలేదు.

దివాకర్ ఇంకో దారి వెతికాడు. డ్రమ్స్ ఆమెవే ఉంచుదాం, పేరు మాత్రం వద్దు, బుక్‌లెట్ మళ్ళీ వేయలేమన్నాడు. తొలి రోజుల్లో బృందం ఎవరితోనూ ఒప్పందం రాసుకోలేదు. కాబట్టి ఆ పాటలు వేయాలంటే వనజ అనుమతి కావాలి. ఆమెకు ఆ సంగతి నేనే చెప్పాను.

“పేరు వెయ్యకుండా నా సంతకం దొరకదు. దుడ్డు ఇస్తామన్నా దొరకదు” అంది.

“అయితే ఆ డిస్కే డ్రాప్ చేస్తాం మేడమ్.”

“చేసుకో. పెట్టె మీద ఏమని రాస్తావో అదీ చూస్తా.”

అప్పుడు నేను నా మాట చెప్పాను. ఆ డిస్కు తీసేసినా, పేరు లేకుండా వేసినా, తక్కిన ఆల్బముల మాస్టర్ల మీద కూడా సంతకం పెట్టను. వేరే ఇంజనీరును తెచ్చుకుంటానని దివాకర్ అన్నాడు. తెచ్చుకోమన్నాను. తెచ్చుకోవచ్చు కూడా. కానీ పెట్టె విడుదల అప్పటికే ప్రకటించేశారు, కొత్తవాడు వచ్చి మొదటినుంచి వినడానికి వ్యవధి లేదు. పైగా తను వాయించనన్న మాటను నైజెల్ కంపెనీ యజమానుల దగ్గర కూడా చెప్పాడు. వాళ్ళు దిగివచ్చారు. బుక్‌లెట్ మళ్ళీ అచ్చయింది. మూడు పాటల కిందా డ్రమ్స్ దగ్గర వనజ పేరు ఉంది. తడబడిన దెబ్బ పడినచోటే ఉంది.

బాక్స్ సెట్ అంగళ్ళలోకి వచ్చిన కొద్దికాలానికి నన్ను చందాపురలోని మా క్యాసెట్ డూప్లికేషన్ యూనిట్‌కు బదిలీ చేశారు. ఒక మాస్టరు నుంచి వందల కాపీలు తీసే చోటు అది. ఎక్కువగా భక్తి గీతాలు. మాస్టరింగ్ గదితో పోలిస్తే అది కిందిమెట్టు, అలా ఉండాలనే పంపారు. క్షమాపణ రాసిస్తే వెనక్కి పిలుస్తామని కబురు వచ్చింది. నేను రాయలేదు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను.

ఈ వ్యవహారం నాకు వృత్తికి సంబంధించిన ఒక్క విషయం నేర్పింది. పాత రికార్డింగులో ఏది లోపం, ఏది కాదు అన్నది డబ్బు పెట్టినవాడు చెప్పేది కాదు, ఇంజనీరు ఒక్కడూ తేల్చేదీ కాదు. వాయించినవాళ్ళు బతికి ఉంటే ముందు వాళ్ళను పిలిచి వినిపించాలి, మార్పు ఆ తర్వాత. చందాపురలో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు మొదటి పాఠంగా ఇదే చెప్పాను. దీన్ని పాటించి ఇద్దరు ముగ్గురు తమ పైఅధికారులతో తగువులు తెచ్చుకున్నారు. అయినా తర్వాత వచ్చినవాళ్ళకు కూడా ఇదే చెప్పాను.