హేమ కోసం అడిగేవాళ్ళు

మా నగరి వీధిలో కరెంటు పోయి మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగితే చెవులు గుయ్యిమంటాయి. తిరుపతిలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు అమ్మ దగ్గరికొచ్చే నాకు ఆ నిశ్శబ్దం ఇప్పటికీ అలవాటు కాలేదు. నిన్నా అట్లాగే ఆగాయి. ఎవరెవరో గట్టిగా మాట్లాడుకుంటున్న మాటలు బయటపడ్డాయి. మగ్గాల దగ్గర బతికేవాళ్ళ గొంతు అంతే, చప్పుడు ఆగినా తగ్గదు. మునెమ్మత్త గొంతయితే ఆ గొంతులన్నింటినీ మింగేసేది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె లేని వీధి నాకు బోసిగా ఉంది.

మునెమ్మత్త మాకు చుట్టం కాదు. రైలు గేటు అవతల మగ్గం నడుపుకునే మనిషి. మా నాయన హత్య జరగకపోయి ఉంటే ఆమె ఎవరో మాకు తెలిసేదే కాదు. నాయన మగ్గాలు బాగుచేసేవాడు. ఒకరోజు పనిమీద చిత్తూరు వైపు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పూతలపట్టు దాటాక ఒక మామిడితోపులో, తలమీద దెబ్బలతో దొరికాడు. ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో ఈనాటికీ తెలియదు. పోలీసులు మా వీధిలో మగవాళ్ళందరినీ పిలిచి అడిగారు. మా గడప తొక్కినవాళ్ళను మళ్ళీ పిలిచి అడిగారు. ఇంకేముంది, కర్మంతరం అయ్యాక మా ఇంటివైపు తలెత్తి చూసినవాళ్ళు లేరు. ఆఖరికి నాయన పేరు కూడా పోయింది. ఊరికంతటికీ ఆయన ‘పూతలపట్టు కేసు’ అయ్యాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం మునెమ్మత్త తలుపు నెట్టుకుని లోపలికొచ్చింది. మేం గుసగుసలాడుకుంటూ బతుకుతున్న ఇంట్లో, వీధి చివరికి వినపడేలా, “మీ నాయన పేరేంది పాపా?” అంది. రత్నం అని చెప్పాను. “రత్నానికి యేమంటే ఇష్టం?” అంది. ఎట్లా పోయాడని అడగకుండా, ఎట్లా బతికాడని అడిగిన మొదటి మనిషి ఆమే. సంగటి, చెనిక్కాయల పచ్చడి అన్నాను. తనే రోటి ముందర కూర్చుని నూరింది. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని బావురుమంది. అంతవరకూ అమ్మ గట్టిగా ఏడవనేలేదు.

“ఏడువు తల్లీ. నా హేమ పొయినప్పుడు నన్నిట్ల కూసోబెట్టినోళ్ళు లేరు” అంది మునెమ్మత్త. ఆమె ఒక్కగానొక్క కూతురు హేమ మిల్లులో పని ముగించుకుని ఇంటికొస్తుంటే దారిలో ఎవరో చంపేశారనీ, ఆ కేసూ తేలలేదనీ అప్పుడు తెలిసింది. లేచి వెళ్ళబోతూ ఆమె “పొయ్యొస్తా” అంది. వాకిట్లో ఉన్న పక్కింటి అవ్వ ఉలిక్కిపడి, “సావింట్లో ఆ మాట అనగూడదే” అంది. “మల్లా రావాల్సొస్తాదనే గదవ్వా అనరు? నేను రావాలనే అంటుండా” అంది మునెమ్మత్త. అన్నట్టే వచ్చింది. వారం వారం వచ్చింది.

నాకు అప్పట్లో ఎవరిని చూసినా అనుమానమే. పాలు పోసే మనిషి చేతులు చూసేదాన్ని, బస్సులో పక్కన నిలబడ్డవాడి ముఖం చూసేదాన్ని. వీడేనా, వీడేనా అని లోపల ఒకటే రొద. ఒకరోజు ఆ సంగతి మునెమ్మత్తకు చెప్పాను. “సేసినోడు యాడో ఒకడుండాడు పాపా. ఊరంతా సెయ్యలేదు గదా. వాడొకడి కోసం ఊరంతా పోగొట్టుకుంటావా?” అంది. ఆమె ఆ మాట అనకపోతే నేను ఈరోజు మనుషుల మధ్య ఉద్యోగం చేయగలిగేదాన్ని కాదు.

ఏటా నాయన తద్దినం పెట్టగానే మమ్మల్ని పోలీసు స్టేషనుకు బయలుదేరదీసేది. “అయ్యోరికి పెట్టినాం, కాకికి పెట్టినాం. ఇంగ సర్కారునీ అడగాల గదా” అనేది. కొత్తగా ఏమీ తెలియలేదమ్మా అని వాళ్ళంటే, “తెలుసు సార్. మీరు మర్సిపోతారేమోనని వచ్చినాం” అని నమస్కారం పెట్టేది.

మరి హేమకు తద్దినం ఎప్పుడత్తా అని ఒకసారి అడిగాను. “పెండ్లిగాని పిల్లకి పెట్టరంట పాపా. మా ఆయన పొయినాడు. అయినోళ్ళేమో దాని మాట ఎత్తితేనే లేసిపోతారు. నేనుండేంత వరకే దాని పేరు” అంది. అంత పెద్ద గొంతూ ఆ మాట దగ్గర సన్నబడింది.

పోయినేడు తిరుపతి ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన నేను ఉన్నాను. తన రోగం గురించి ఒక్క మాట లేదు, అంతా హేమ గురించే. కారం బొరుగులంటే ప్రాణమట. ఉరుమితే గోనెపట్ట కప్పుకునేదట. రెండు జడలు వేస్తే అలిగేదట. చెప్పిందే మళ్ళీ చెప్పి, “గుర్తుంటాదా?” అని నన్ను అడిగేది. ఉంటుందత్తా అన్నాను. అంతకంటే పెద్ద మాట నేను ఎవరికీ ఇవ్వలేదు.

మొన్న, ఏటా హేమ పోయిన తేదీ వచ్చే రోజున, ఒక్కదాన్నే స్టేషనుకు వెళ్ళాను. కొత్తగా వచ్చిన ఎస్సై, చిన్నవయసు. చాలా పాత కేసమ్మా అన్నాడు, విసుగు లేకుండానే. తర్వాత అడిగాడు, “ఆ అమ్మాయి మీకేమవుతుంది?”

హేమను నేను ఎన్నడూ చూడలేదు. ఒక్క ఫొటో అయినా మునెమ్మత్త నాకు చూపలేదు, తను చూస్తే తట్టుకోలేనని ఎక్కడో దాచేసిందట.

“ఏమీ కాదు సార్” అన్నాను. “ఆ పిల్ల కోసం అడిగేదానికి ఇప్పుడు ఇంగెవురూ లేరు. అందుకే నేనొచ్చినాను.”