స్కార్ఫు ముడి విప్పబోయి కోడిని బస్సెక్కించిన

నవ్వను అంటేనే చెప్త. ఏయ్ సుజాతక్కా, నువ్వు అప్పుడే మొదలువెట్టినవ్! ముందు చాయ్ తాగు, చల్లారిపోతది. నిన్న బస్టాండ్ల నేను చేసిన ఘనకార్యానికి ఇంకా గుండె దడదడ కొట్టుకుంటనే ఉంది. నా ఇజ్జత్ పోతే పాయె, నా బిడ్డకు బ్యాడ్జి దక్కింది, అవ్వకు కోడి దక్కింది. గంతే చాలు దేవుడా అని రాత్రి దీపం వెట్టి మొక్కిన.

మా లాస్య మూడో తరగతి కదా. ఇస్కూల్ల దాన్ని బుల్‌బుల్స్‌ల చేర్చుకున్నరు. పెద్ద పిల్లలకు స్కౌట్స్, గైడ్స్ ఉంటరు చూడు, గట్లనే చిన్న ఆడపిల్లలు బుల్‌బుల్స్, చిన్న మొగపిల్లలు కబ్స్. ఆకాశం రంగు ఫ్రాకు, మెడకు స్కార్ఫు, ముద్దుగుంటరు. ఊకె ఏసుకొని తిరుగుడు కాదు మల్ల, దాంట్ల మెట్లుంటయి. మొదలు ప్రవేశ్. గది అయినంక కోమల్ పంఖ్, అంటే మెత్తని రెక్క. ఆ తర్వాత వెండి రెక్క, బంగారు రెక్క, ఆఖరుకు వజ్రాల రెక్క. ఒక్కొక్క రెక్కకు ఒక్కొక్క పరీక్ష. తాడుతోని ముళ్లు వెయ్యాలె. దెబ్బ తాకితే కడిగి కట్టు కట్టాలె. ఒకరు చెప్పిన మాట మర్చిపోకుండ ఇంకొకరికి చేరవెయ్యాలె. గుండీ కుట్టాలె. గుండీ కుట్టుడు నేనే నేర్పిన, టైలర్ బిడ్డకు గుండీ రాకపోతే నలుగురు నవ్వరా! పిల్ల అన్నీ పాసైంది. నిన్న ఆదివారం నాలుగింటికి ఇస్కూల్ల కోమల్ పంఖ్ బ్యాడ్జి పెడతం, తల్లిదండ్రులు రావాలె అని మేడం మెసేజ్ పెట్టింది.

ఇగ ఒక్కటే మిగిలింది. రోజుకొక మంచిపని. పొద్దుగాల స్కార్ఫు కొసకు చిన్న ముడి వేసుకుంటరు, ఎవరికన్న సాయం చేసినంక విప్పుతరు. బ్యాడ్జి పెట్టేముందు మేడం అందరి ముందర అడుగుతది, "ఈ రోజు ఏం చేసినవ్?" అని. ముడి విప్పనోళ్లకు బ్యాడ్జి లేదు, మళ్లొచ్చేసారి దాంక ఆగాలె. పోయినసారి మా పిల్లకు జ్వరమొచ్చి అసలు పోనే లేదు. దోస్తులందరి ఫ్రాకుల మీద బ్యాడ్జిలు మెరుస్తుంటే దీని ఫ్రాకు బోసిగ ఉండె. ఎన్ని దినాలు ఏడ్చిందో నాకెరుక. అందుకే ఈసారి తల్లీబిడ్డలం ఇద్దరం పంతం మీదున్నం.

మరి పొద్దుగాలనే ఏదో ఒకటి చేసి విప్పుకుంటే అయిపోతుండె కదా అంటరా? చేసింది! మా షాపు పక్కన ఇస్త్రీ తాత లేడా, ఆయన కండ్లద్దాలు బట్టల కింద పోతే వెతికిచ్చింది. ఉరుక్కుంట వచ్చి, ముడి విప్పి, గంతులేస్తుంది. చూస్తే ఏదో చప్పరిస్తుంది.

"నోట్ల ఏందే?" అన్న.

"తాత చాక్లెట్ ఇచ్చిండు."

అంటనే మొఖం మాడిపోయింది దానికి. సాయం చేసి ఏమన్న తీస్కుంటే అది మంచిపని కాదంట, లెక్కకు రాదంట. మేడం చెప్పిందంట. మళ్ల ముడి వేసుకుంది. ఏడ్సుకుంటనే చాక్లెట్ మాత్రం మొత్తం చప్పరించింది, అది వేరే సంగతి.

"గింత చాక్లెట్ సంగతి మేడంకు ఎట్ల తెలుస్తదే పిచ్చిదానా?" అన్న.

"నాకు తెలుసు కద మమ్మీ."

ఇగ మా ఆయనకు ఫోన్ చేసిన. ఎరువుల దుకాణంల గిరాకి మీదున్నడేమో, "పిల్లను దాని మానాన వదిలెయ్, నువ్వు నడుమల దూరకు" అని పెట్టేసిండు. ఆయన మాట ఎప్పుడన్న విన్ననా, నిన్న వినడానికి!

మధ్యాహ్నం దాంక ఎవ్వరికీ ఏ కష్టం రాలే. నిజంగ! రోజు గంటకొకరు వచ్చి "జర గిది పట్టు, జర గది అందియ్" అంటరు. నిన్న బాన్సువాడ మొత్తం సుఖంగ ఉంది. జాకెట్లు పక్కకు పడేసి, షట్టర్ దించి, పిల్లను స్కూటీ ఎక్కించుకొని బయల్దేరిన. టైం మూడు దాటింది. అద్దంల చూస్తే వెనక కూసోని ముడి పిసుక్కుంటుంది, కండ్లల్ల నీళ్లు. నా పానం ఆగలే. బస్టాండ్ కాడికి రాంగనే బుర్రల బల్బు వెలిగింది. బస్టాండ్ల సాయం అక్కెరలేనోళ్లు ఉంటరా? స్కూటీ పక్కకు పెట్టిన.

లోపలికి పోతే ఒక అవ్వ. తండా నుంచి వచ్చినట్టుంది, చేతుల నిండ కడియాలు. బెంచి మీద కూసుంది, పక్కన మూతి కట్టిన యూరియా సంచి. గప్పుడే నిజామాబాద్ నుంచి పిట్లం పోయే బస్సు వచ్చి ఆగింది. ఆడోళ్లకు ఫ్రీ అయినకాడికెల్లి బస్సు ఆగిందంటే ఎట్లుంటదో మీకు తెలుసు కదా. ఒకరి మీద ఒకరు! అవ్వ లేచి, సంచి గక్కడనే ఇడిసిపెట్టి, ఒక్కొక్క కిటికీల తొంగి చూసుకుంట వెనక డోరు దిక్కు పోతుంది. నేనేమనుకోవాలె? పాపం సీటు చూసుకుంటుంది, సంచి ఎక్కించుకోలేక తిప్పలు పడుతుంది అనుకున్న.

"లాస్యా, పట్టు ఆ కొస!"

"మమ్మీ, ముందు అవ్వను అడగాలె. అడిగి చెయ్యాలని మేడం..."

"అడిగేదేముందే, బస్సు పోతది! పట్టు!"

ముందు డోరు నుంచి జనాన్ని నూక్కుంట ఎక్కినం. సంచి కదిలినట్టయింది. జనం నూకుడుకేమో అనుకున్న. డ్రైవర్ వెనక సీటు కింద పెట్టి, గక్కడ కూసున్న ఒకామెకు "అవ్వ సామాను, జర చూడుండ్రి అక్కా" అని చెప్పి దిగినం. బస్సు కదిలింది. నేను చేతులు దులుపుకున్న. "ఇగ విప్పు ముడి" అన్న. పిల్ల ముడి మీద చెయ్యి పెట్టింది.

గప్పుడు వెనక నుంచి "యాడీ!" అని ఒక కేక. తిరిగి చూస్తే, ఆ బస్సు దిగిన ఒక పిల్ల అవ్వను పట్టుకొని ముద్దులు పెడుతుంది. యాడీ అంటే వాళ్ల భాషల అమ్మ. అవ్వ బస్సు ఎక్కడానికి రాలే! బిడ్డ దిగుతుందని చూడటానికి వచ్చింది!



అవ్వ బిడ్డను పట్టుకొని బెంచి కాడికి వచ్చింది. బెంచి చూసింది. బెంచి కింద చూసింది. "నా సంచేదే? నా కోడేదే?" అని మొత్తుకుంది. లాస్య నా దిక్కు చూసింది. ముడి మీది చెయ్యి మెల్లగ తీసింది. ఆ చూపు తలుసుకుంటే ఇప్పటికీ సిగ్గయితది.

పారిపోదామనిపించింది అక్కా, అబద్ధమెందుకు. కానీ పిల్ల నా చెయ్యి పట్టుకొని గుంజుకపోయింది. "అవ్వా, తప్పయింది, నేనే బస్సెక్కించిన, సాయం చేద్దామని..." అని నసిగిన.

అవ్వ నడుము మీద చేతులు పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నిన్నెవరన్న అడిగిండ్రానే సాయం? దొంగలన్న నయం, వాళ్లు చేసింది దొంగతనమని చెప్తరు!" అని, బెంచి మీద కూలబడి ఏడ్చింది. బిడ్డ నిజామాబాద్‌ల నర్సింగ్ చదువుతుందంట, శాన దినాలకు ఇంటికి వస్తుందంట. ఇష్టమని ఊర్లె వెతికి వెతికి నాటుకోడిని తెచ్చిందంట. ఆధార్ కార్డు సంచిలనే, ఫోన్ కూడ సంచిలనే.

ఫోన్ అనంగనే ఆ నర్సింగ్ పిల్ల తెలివిగల్లది, ఎంటనే రింగ్ కొట్టింది, స్పీకర్ పెట్టింది. ఎవరో ఆడామె ఎత్తింది.

"ఎవరమ్మా? సంచిల ఫోన్ మోగుతుందని మూతి విప్పితే కోడి బయటికి దుంకింది! బస్సంత ఉరుకుతుంది! అయ్యో, నా నెత్తి మీదికెక్కె!"

వెనక నుంచి కండక్టర్ గొంతు, "ఎవరిదమ్మా ఈ కోడి? టికెట్ ఎవరు తీస్కుంటరు?"

ఇంకొకామె, "పెట్టనే అన్నా, ఆడదే! ఫ్రీ!"

"అయితే ఆధార్ చూపియ్యమను!"

"గది కూడ సంచిలనే ఉందన్నా" అన్నది నర్సింగ్ పిల్ల ఇక్కడికెల్లి. అంత బాధల కూడ అవ్వకు నవ్వొచ్చింది. నాకు మాత్రం రాలే, మీ మీద ఒట్టు.

కండక్టరన్న మంచోడు. ముందర ఊరి స్టేజి కాడ కిరాణ దుకాణంల సంచిని, కోడిని దించుత, వచ్చి తీస్కపోండ్రి అన్నడు. అవ్వను, బిడ్డను నీడకు కూసోపెట్టి, "ఇప్పుడే తెస్తం అవ్వా" అని స్కూటీ తీసిన. అవ్వ నన్ను నమ్మలే. లాస్య స్కార్ఫు పట్టుకొని, "నువ్వు పో బిడ్డా, నువ్వు తెస్తవు" అన్నది.

రోడ్డుకు సగం దాంక వడ్లు ఆరబోసిండ్రు. వడ్లు తొక్కొద్దు, లారీ కింద పడొద్దు, జల్ది పోవాలె. వెనక నుంచి పిల్ల, "మమ్మీ, నాలుగింటి వరకు వస్తమా?" అంటది. "వస్తం" అంట. ఎట్లొస్తమో నాకే తెల్వదు.

కిరాణ దుకాణమాయన కోడిని గంప కింద బోర్లించి పెట్టిండు. "కాలి తాడు ఊడిపోయింది, జాగ్రత్తగ తియ్యమ్మా" అన్నడు. నేను జాగ్రత్తగనే తీసిన. పట్టుకొని తాడు కట్టిన కూడ, లంగా బొందుకు వేస్తం చూడు, గట్లాంటి ముడి. స్కూటీ దాంక కూడ ఆగలే, ముడి జారింది, కోడి నా భుజం మీదికెల్లి దుంకి పొలంల పడ్డది. ఇగ చూడు నా తిప్పలు! చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని గట్టు మీద నేను, ముందర కోడి. దుకాణం కాడ మందంత నిలబడి "అటు కాదు, ఇటు" అని సలహాలు.

లాస్య మెల్లగ వచ్చింది. దుకాణమాయనను అడిగి గుప్పెడు నూకలు తెచ్చింది. అడిగి! గట్టు మీద చల్లి, కూసోని, కోడి తినుకుంట దగ్గరికి వస్తే ఒడుపుగ పట్టింది. "కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి" అని లోపల్లోపల అనుకుంట కాళ్లకు ముడి వేసింది. రీఫ్ నాట్ అంట అది, కోమల్ పంఖ్ పరీక్షల ముడి. కోడి ఎంత గింజుకున్నా ఊడలే. ఆకాశం రంగు ఫ్రాకు నిండ బురద, ఇంకా ఏమేమో. కోడిని సంకల పెట్టుకొని స్కూటీ ఎక్కింది. ఆ టైంల నాకు ఆ పిల్ల మీద ఎంత ప్రేమొచ్చిందో చెప్పలేను అక్కా.

తిరిగి వచ్చేసరికి అవ్వ రోడ్డు మీదికే ఎదురొచ్చింది. సంచి చూసుకుంది, కార్డు చూసుకుంది, కోడిని వెనక్కి ముందుకి తిప్పి చూసుకుంది. "హమ్మయ్య" అని ముందు అన్నది అవ్వ, తర్వాత అన్నది నేను. కొంగు ముడి విప్పి లాస్య చేతుల రెండు జామకాయలు పెట్టబోయింది.

లాస్య రెండు చేతులు వెనకకు పెట్టుకుంది. "వద్దవ్వా, తీస్కుంటే లెక్కకు రాదు."

అవ్వకు అర్థం కాలే. ఆ జామకాయలు నాకిచ్చింది. నేను తీస్కున్న, నాది ఎట్లాగో లెక్కకు రాదు.

ఇస్కూల్ దిక్కు పోయేటప్పుడు మెల్లగ చెప్పిన, "మేడం అడిగితే ఒక అవ్వకు సంచి మోసిచ్చిన అని చెప్పు, గంతే. మిగతాది ఎందుకు, లొల్లి." పిల్ల స్కార్ఫు ముడిని ఇంకింత బిగించుకుంది. గప్పుడే నాకు డౌటొచ్చింది.

పోయేసరికి బ్యాడ్జిలు పెట్టుడు అయిపోవచ్చింది. ఆఖరి పిల్ల వంతు. లాస్య ఉరికి వరుస చివర నిలబడ్డది. ఫ్రాకు చూసి మేడం నోరు తెరిచింది. ఆలస్యమైంది, మురికి ఫ్రాకు, స్కార్ఫుకు ముడి ఇంకా గట్లనే ఉంది. అయిపాయె, ఈసారి కూడ పోగొట్టిన అనుకున్న.

"లాస్యా, ఈ రోజు నువ్వు చేసిన మంచిపని ఏమిటి?"

పిల్ల నిటారుగ నిలబడ్డది. "మేడం, మా మమ్మీ అడగకుండ ఒక అవ్వ కోడిని బస్సెక్కించింది. అవ్వ ఏడ్చింది. మేం పోయి పట్టుకొచ్చి ఇచ్చినం. కోడి కాళ్లకు రీఫ్ నాట్ వేసిన. ఏం తీస్కోలే. జామకాయలు మమ్మీ తీస్కుంది."

తల్లిదండ్రులందరు ఒక్కపారే నా దిక్కు తిరిగిండ్రు. చేతుల జామకాయలు ఎక్కడ దాచాలె చెప్పు! ఒకాయన ముందు కిసుక్కుమన్నడు, ఇగ మొత్తం గ్రౌండంత నవ్వు. మేడం కూడ నవ్వాపుకోలేక అడిగింది, "మరి నువ్వు సాయం చేసింది ఎవరికమ్మా? అవ్వకా, కోడికా?"

లాస్య ఒకపారి నా దిక్కు తిరిగి చూసింది.

"మా మమ్మీకి మేడం."

మేడం వంగి, తన చేతులతోనే స్కార్ఫు ముడి విప్పింది. బురద లేని జాగ వెతికి బ్యాడ్జి పెట్టింది. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగ చప్పట్లు కొట్టింది నేనే. నవ్వితే నవ్వనీ, నా బిడ్డకు బ్యాడ్జి వచ్చింది! జామకాయలు కింద పడ్డయి, ఏరుకోను కూడ లేదు.

పొద్దుగాల ఇస్కూల్‌కు పోయేముందు స్కార్ఫుకు ముడి వేసుకుంది. తర్వాత నా కాడికి వచ్చి నా చీర కొంగుకు కూడ ఒక ముడి వేసింది.

"నాకెందుకే?"

"నీకు కూడ రోజు ఒక మంచిపని మమ్మీ. ఈ రోజు నువ్వు ఎవ్వరికీ సాయం చెయ్యొద్దు. ఇంటికొచ్చినంక నేనే విప్పుత."

ఇగో, చూడుండ్రి. ముడి ఇంకా గట్లనే ఉంది. అందుకే సుజాతక్కా, ఏమనుకోకు, చాయ్ కప్పులు నువ్వే కడుగు.