తమ్ముడి బరువు

కొత్తవాడలో జంపఖానాలు నేసే వీరభద్రానికి పన్నెండో ఏటే దేవుడి మీద నమ్మకం పోయింది. ఆ వానాకాలం విషజ్వరంతో నాయన మంచం పట్టాడు. ఇంట్లోవాళ్లు మొక్కని దేవుడు లేడు. పదోరోజు నాయన పోయాడు. ఆ తర్వాత వీరభద్రం ఏ గుడి గడపా తొక్కలేదు. అదే ఇంట్లో అదే చావు చూసిన అక్క సమ్మమ్మ మాత్రం ఆ నెల నుంచే రోజూ దీపం పెట్టడం మొదలుపెట్టింది. అప్పటికామెకు పదహారేళ్లు.

యాభై ఏళ్లుగా అతనికి మింగుడుపడని సంగతి అది. అక్క అమాయకురాలు కాదు. మగ్గం చప్పుడు విని పోగు తెగిందని పక్కింట్లోంచే చెప్పగలదు. అలాంటి మనిషి ఎలా నమ్ముతుంది? నలుగురి కోసం నటిస్తోందేమోనని ఆమె కళ్లు మూసుకున్నప్పుడల్లా ఓరగా చూసేవాడు.

ఈ చలికాలం అనుమానం ఇంకో దారి పట్టింది. దగ్గు తగ్గక దవాఖానలో ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ వారమే వెనక వీధిలో ఉండే సమ్మమ్మ వచ్చి, "ఎన్ని కిలోలున్నవ్ తమ్మీ?" అంది.

"ఎందుకక్కా?"

"ఊకెనే."

నాలుగు రోజులకు మళ్లీ అడిగింది. చివరికి నూలు తూచే కాంటా మీద నిలబెట్టి మరీ చూసింది. యాభై ఎనిమిది. ఆమె, తన భార్య భాగ్యమ్మ గుసగుసలాడుకుంటూ అతను రాగానే మాట మార్చేవాళ్లు. తనకేదో పెద్ద రోగం వచ్చిందని, బరువు తగ్గుతోందో లేదో చూస్తున్నారని వీరభద్రానికి భయం పట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా డాక్టర్ దగ్గరికి పోయాడు. "నూలు దుమ్ము పట్టింది. మందులు వాడితే తగ్గుతది," అన్నాడు డాక్టర్. అది కూడా అబద్ధమేమో అనుకుంటూ బయటికొచ్చాడు.

దారిలో, మట్టెవాడలో బెల్లం దుకాణం ఓంకార్ పిలిచాడు. "అన్నా, మీ అక్క మేడారానికి యాభై ఎనిమిది కిలోల బంగారం చెప్పింది. ఆటోల పంపాల్నా?"

మేడారంలో అమ్మవార్లకిచ్చే బెల్లాన్నే బంగారమంటారు. వీరభద్రం నేరుగా అక్క ఇంటికి నడిచాడు.

"నా ఎత్తు బంగారం ఎందుకిస్తానవ్? నేను అడిగిన్నా?"

సమ్మమ్మ బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. "నాయినకొచ్చిన జరమే నీకూ వచ్చింది. ఆరు దినాలు నీకు సోయి లేదు. గప్పుడు మొక్కిన. అత్తగారింట్ల ఎవలూ సాగనియ్యలే. ఇప్పుడు అడ్డం చెప్పేటోళ్లు లేరు."

"నాయిన కోసం మొక్కలేదా?"

"మొక్కిన. ఆయన పోయిండు. నువ్వు బతికినవ్. నువ్వు పోయిన నాయిన్నే యాదుంచుకున్నవ్."

వీరభద్రానికి ఆ జ్వరం గుర్తులేదు. కథ అల్లుతోందనిపించింది. అడుగుదామంటే ఆనాటి వాళ్లెవరూ మిగల్లేదు. ఆ రాత్రంతా జ్ఞాపకాలు తవ్వుకుంటే ఒకటే దొరికింది: నాయన శవం లేచేటప్పుడు తాను ఎవరి ఒడిలోనో పడుకుని ఉన్నాడు. పన్నెండేళ్ల పిల్లవాడు ఒడిలో ఎందుకుంటాడు?

అక్కతో, భాగ్యమ్మతో పాటు జాతరకు అతనూ వెళ్లాడు. బెల్లం ఎవరు మోస్తారని వెళ్లాడంతే, మొక్కడానికి కాదు. అమ్మవార్ల గద్దెల దగ్గర జనం తోసుకుంటుంటే సమ్మమ్మ బెల్లం దిమ్మలన్నీ ఇచ్చేసి, ఒళ్లు తేలికైన దానిలా కాసేపు కదలకుండా నిలబడింది. అతను ఆమె ముఖాన్నే చూశాడు. నటన కనబడలేదు. కనబడకపోవడం అతనికి నచ్చలేదు.

తిరుగు బస్సులో అక్క నిద్రపోయింది. వీరభద్రం భార్య వైపు వంగాడు. "నా జరం సంగతి నీకెప్పుడు చెప్పింది?"

"నేను కాపురానికి వచ్చిన ఏడే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నమ్ముతువా?" అంది భాగ్యమ్మ.

అతను కిటికీ వైపు తిరిగాడు. ఆడవాళ్లిద్దరూ ముందే మాట కలుపుకున్నారేమోనన్న అనుమానం మాత్రం బస్సు ములుగు దాటినా పోలేదు.