క్వా పెట్టెలో మిగిలినవి

ఈ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగిపోగానే మెడ వెనక చెమట పట్టింది. నా చేతులు మాత్రం అలవాటు కొద్దీ బల్ల మీద కాగితాలు పరచడానికి సిద్ధమయ్యాయి. మా ఇంట్లో అందరూ ఫ్యాను తిరిగితే పని మొదలుపెడతారు, నాకేమో ఆగితే మొదలుపెట్టాలనిపిస్తుంది. బెజవాడ ఎండల్లో, అదీ మే నెలలో, ఫ్యాను ఆపేసుకుని పనిచేసే మనిషి దగ్గర మూడేళ్ళు ఉన్న ఫలితం ఇది. ఆవిడ పేరు సుగుణమ్మగారు. నేను మేడమ్ అనేదాన్ని.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి వెనక సందులో, మేడమీద రెండు గదుల వాటాలో ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా ఘనా దేశం వెళ్ళి, అక్కడ ఆడపిల్లల బడిలో ఇరవై ఏళ్ళ దాకా లెక్కలు చెప్పారు. సెలవు రోజుల్లో సంతకు వెళ్ళి, కూరలమ్మే ఆడవాళ్ళ పక్కన కూర్చుని మాటలు పోగుచేశారు. ఆ దేశం వెళ్ళినవాళ్ళు బంగారం తెచ్చుకుంటే మా అక్క అట్టముక్కలు తెచ్చుకుందని ఆవిడ తమ్ముడు ప్రభాకర్‌గారు ఎగతాళి చేసేవారు. ఒక్కో అట్టముక్క మీద ఒక్కో మాట, అది ఏ భాషదో, ఆ భాష ఏ కుటుంబానిదో. మాట సిరాతో, కుటుంబం పెన్సిల్‌తో. ఒక్కో శాఖకు ఒక్కో పెట్టె. అన్నిటినీ నేల మీద పరిచి చూస్తే గానీ ఆవిడకు తోచదు. ఫ్యాను వేస్తే ఎగిరిపోతాయి. అందుకని తడి తువ్వాలు మెడకు చుట్టుకుని ఇద్దరం ఆ ఉక్కలో నేల మీద పాకుతూ ఉండేవాళ్ళం.

నేను ఎం.ఏ. పూర్తిచేసి, ఏ ఉద్యోగంలోనూ నాలుగు నెలలు నిలవనిదాన్ని. కాలు ఒకచోట నిలవదని మా అమ్మ తిట్టేది. మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చి, మేడమ్ పశ్చిమ ఆఫ్రికా భాషల మీద తెలుగులో రాస్తున్న చిన్న పుస్తకానికి శుద్ధప్రతి రాసేదాన్ని. మొదటిరోజు మూడు అనే అంకెకు సంబంధించిన అట్టలు నా ముందు పెట్టారు. ఎవే భాషలో ఎతో, గా భాషలో ఎతె, యొరుబాలో ఎత, ఇగ్బోలో అతో. ఇంకేముందండీ, అన్నీ ఒక ఇంటివే కదా అన్నాను.

"ఇంటిపేరు ఒకటైతే చుట్టాలని తెలుస్తుంది. ఏ తాతకు మనవలో తెలియదు" అన్నారు.

ఆ మూడు అనే మాట అక్కడి వందల భాషల్లో ఇంచుమించు అలాగే ఉంటుందట. పెద్ద కుటుంబం ఒకటేనని దాన్నిబట్టి తెలుస్తుంది. అందులో ఏవేవి ఒక శాఖో తేల్చాలంటే మాత్రం ఆ కొన్ని భాషలే కలిసి చేసుకున్న మార్పేదైనా చూపించాలి. ఇంత వివరంగా చెప్పిన మనిషే, ఘనాలో ఉండగా కొన్న పాత పుస్తకాలను నమ్మి, ఘనా వైపు అకాన్, ఎవే, గా భాషలనూ, నైజీరియా వైపు యొరుబా, ఇగ్బో భాషలనూ కలిపి క్వా అనే ఒకే శాఖలో పెట్టేశారు. ఆ అధ్యాయం అప్పటికే వన్ టౌన్‌లో ప్రెస్సుకు వెళ్ళిపోయింది.

ప్రూఫులు వచ్చిన వారంలోనే, ఒక లైబ్రరీలో కొత్త పుస్తకం నా కంటపడింది. యొరుబా, ఇగ్బోలను పండితులు క్వా నుంచి తీసేసి, తూర్పున ఉన్న బెనూ-కాంగో శాఖలో కలిపి చాలా ఏళ్ళయిందట. మిగిలిన క్వా భాషలైనా నిజంగా ఒకే శాఖా, లేక పక్కపక్కన ఉండటం వల్ల ఒకదాన్నొకటి పోలాయా అన్నదీ అనుమానమేనట. ఆ పేజీలు జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టుకున్నాను. మేడమ్‌కు చెప్పలేదు. డెబ్బై దాటిన మనిషి, జీవితమంతా పోగుచేసుకున్నది, నేనెవర్ని తప్పనడానికి? ఈ పుస్తకం చదివే పదిమందిలో యొరుబా ఎటు పోతే ఎవరికి కావాలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పది రోజులూ అన్నం సహించలేదు. బస్సులో సీటు దొరికినా కూర్చోలేక నిలబడే వచ్చేదాన్ని.

చివరికి ప్రూఫు కోసం వెతుకుతూ ఆవిడే నా ఫైలు తెరిచారు. నేను టీ తీసుకుని వచ్చేసరికి నిలబడి జిరాక్స్ చదువుతున్నారు. ఎప్పుడు తీయించావన్నారు. పది రోజులైందన్నాను. ఎందుకు చెప్పలేదంటే, మీరు బాధపడతారనండీ అన్నాను.

"బాధపడటం నా సంగతి. నువ్వు నన్ను గౌరవించలేదు రమా. ఇక ఏమీ నేర్చుకోలేని ముసలిదాన్నని తేల్చేసి పక్కన పెట్టావు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇకమీదట నా గురించి నీకు తెలిసింది నాకూ తెలియాలని మాట తీసుకున్నారు. అప్పటికప్పుడు ఆటో ఎక్కి వన్ టౌన్ వెళ్ళి, ప్రెస్సాయన సణుగుతుంటే వినిపించుకోకుండా అచ్చు ఆపించారు. మర్నాడు రబ్బరు పట్టుకుని కూర్చున్నాం. యొరుబా, ఇగ్బో అట్టలు తీసేస్తే క్వా పెట్టె సగం ఖాళీ అయింది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటారని భయపడ్డాను. ఆవిడకేమో హుషారొచ్చింది, మిగిలినవాటి సంగతి చూద్దామన్నారు.

ఆ చలికాలం కడుపునొప్పి మొదలైంది. ప్రభాకర్‌గారూ నేనూ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. స్కానింగ్ చూసిన డాక్టరు మమ్మల్నిద్దరినే లోపలికి పిలిచి, ఆరు నెలలకు మించి కష్టమన్నారు. బయటికొచ్చాక ప్రభాకర్‌గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"అక్కకు చెప్పకండమ్మా. అల్సరని చెబుదాం. చర్చిలో అందరూ ప్రార్థన చేస్తున్నారు."

ఆయనది చెడ్డ బుద్ధి కాదు. అక్క అంటే ప్రాణం. మా నాన్న చివరి జబ్బు విషయంలో మేమూ అదే చేశాం. మూడు రోజులు నోరు కుట్టేసుకుని తిరిగాను. నాలుగోరోజు సాయంత్రం మేడమ్ ఎవే-తెలుగు నిఘంటువు మొదలుపెడదామన్నారు. ఐదేళ్ళ పని, నీకు ఓపికుందా అని నన్నడిగారు. ఇక ఉండలేకపోయాను. డాక్టరు చెప్పిందంతా చెప్పేశాను.

చేతిలోని అట్టను పెట్టెలో పెట్టి మూత వేశారు. "నువ్వు వెళ్ళమ్మా, బస్సు టైమవుతుంది" అన్నారు.

మంగళగిరికి పది నిమిషాలకొక బస్సుంటుందని ఇద్దరికీ తెలుసు. అయినా బతుకుజీవుడా అని మెట్లు దిగి పారిపోయాను. బ్యారేజి మీద బస్సు ఆగినప్పుడు గానీ, ఆవిడ గదిలో ఒక్కరే ఉన్నారని నాకు తట్టలేదు. అప్పుడైనా దిగి వెనక్కి వెళ్ళలేదు.

వారం రోజులు పెట్టెలు ముట్టుకోలేదు. ప్రభాకర్‌గారు నాతో మాట్లాడటం మానేశారు. తరవాత ఆవిడే పిలిచి, నిఘంటువు వదిలేద్దాం, క్వా అధ్యాయం మళ్ళీ రాద్దామన్నారు. తెలిసినవి తెలిసినట్టు, తేలనివి తేలలేదని రాశాం. పుస్తకం అచ్చయి చేతికొచ్చిన రోజు, మంచం మీద పడుకుని పేజీలు తిరగేస్తూ అన్నారు.

"నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు రమా. కానీ వచ్చిన ప్రతివాళ్ళ మొహంలోకీ చూసి ఏం దాస్తున్నారో కనిపెట్టే బాధ తప్పింది."

సమాధుల తోటలో మట్టి వేసి వస్తుంటే ప్రభాకర్‌గారు నా దగ్గరికొచ్చి, మీరు చెప్పకపోతే మా అక్క ఆ నాలుగు నెలలూ నవ్వుతూ ఉండేదమ్మా అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ మాట ఎప్పుడు తలుచుకున్నా కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరుగుతాను.

చెప్పడం తప్పని మాత్రం నాకు ఏనాడూ అనిపించలేదు. చెప్పేసి బస్సెక్కడమే నన్ను తినేస్తోంది. ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలకైనా, తోటివాళ్ళకైనా, ఇంట్లోవాళ్ళకైనా చేదు కబురు చెప్పాల్సి వస్తే చెబుతాను. చెప్పాక పక్కనే కూర్చుంటాను. వెళ్ళమన్నా వెళ్ళను.